ఎడమ వెనక తలుపు

మా నాన్న చీమకుర్తి క్వారీలో
రాయికి చెవి ఆనించి బతికాడు.
సుత్తితో టంగుమని ఒక్క దెబ్బ.
చుక్కలు మెరిసే నల్ల దిమ్మ
కంచులా పలికితే లారీ ఎక్కేది,
పగిలిన కుండలా పలికితే
సున్నంతో దాని వీపున అడ్డగీత.
"పైకి మచ్చ కూడా లేదు గదయ్యా" అని మేస్త్రి గొణిగితే
"లోపలుంది, కోత మిల్లులో బయటపడద్దిలే" అనేవాడు.

నేను తలుపులు వింటాను.
సింగరాయకొండ దాటాక హైవే పక్కన
మూడేళ్ల కిందటిదాకా జామాయిల్ తోట,
ఇప్పుడు కార్ల ఫ్యాక్టరీ.
చిట్టచివరి గేటు దగ్గర, తెల్ల లైట్ల కింద
ఒక్కో తలుపూ తీసి, వేసి
కళ్లు మూసుకుంటాను.
సరైన తలుపు దుబ్ అంటుంది,
బియ్యం బస్తా దించినట్టు.
రబ్బరు అంచు సరిగా కూర్చోకపోతే
ఆ దుబ్ చివర సన్నగా రేకు నవ్వుతుంది.

మొదట్లో షిఫ్టుకి నలభై బండ్లు.
బండికి పదకొండు నిమిషాలు నావి.
మాల్యాద్రన్న టార్చి పట్టి అడుగున చూసేవాడు, నేను పైన.
మధ్యలో వాళ్ల గొర్రెల కబుర్లు కూడా పట్టేవి.
తర్వాత అరవై. ఆ తర్వాత ఎనభై.
కనిగిరి నుంచి, పామూరు నుంచి
బస్సుల నిండా కొత్త పిల్లలు,
మెడలో కార్డు తాడు మెత్తబడకముందే చేతికి బోల్టు గన్ను.
వాళ్లకి నేర్పాల్సిన పది రోజుల్ని
మూడుకి మడిచారు.

కంపెనీ పెరగడం చెడ్డదని నేననను.
మా ఇంటి రేకులు దించి స్లాబు పోయించింది
ఆ పెరుగుదలే.
నా పదకొండు నిమిషాలు నాలుగయ్యాయి, అంతే.
నాలుగు నిమిషాలు, నాలుగు తలుపులు.
లెక్క బాగానే కుదిరింది,
డిక్కీ, బానెట్టు, అద్దాలు
ఆ లెక్కలోకి రాలేదు.

ఆ రాత్రి బోర్డు మీద తొంభై తొమ్మిది.
నూరో బండికి బంతిపూల దండ తెచ్చి పెట్టారు,
లడ్డూ పెట్టెలు, ఫొటోలు తీసే అబ్బాయి.
కృష్ణపట్నంలో ఓడ కాచుకునుందని
ప్రసన్నాంజనేయులు సారు చెవి నుంచి ఫోను తీయడం లేదు.

తెల్ల బండి.
మొదటి తలుపు దుబ్.
రెండోది దుబ్.
మూడోది దుబ్.
ఎడమ వెనకది వేసే వేళకి
ఎవరో చప్పట్లు మొదలెట్టారు.
విన్నానా?
విన్నాననే అనుకుంటాను.
ఇంకోసారి వేసి చూడ్డానికి పది సెకన్లు.
ఎర్ర స్టిక్కరు వేలికి అంటుకునే ఉంది.
సారు అరిచుంటే మొండికేసేదాన్నేమో.
ఆయన అరవలేదు.
"ఏమ్మా పెంచలా, అయిపోయిందా" అన్నాడు,
పెళ్లిలో బంతి లేచిందా అని అడిగినంత మామూలుగా.

ఆకుపచ్చది అంటించాను.
నా లడ్డూలో జీడిపప్పు వచ్చింది.

తెల్లారి చెబుదామని వెళ్లేసరికి యార్డు ఖాళీ.
"రబ్బరేగా, సర్వీసులో చూసుకుంటార్లే" అన్నాడు సారు,
బోర్డు మీద నూటిరవై రాయిస్తూ.

డ్రిల్లు మోతకి నాన్న కుడి చెవి ఎప్పుడో పోయింది.
ఎడమ చెవి నా వైపు తిప్పి అంతా విన్నాడు.
చాలాసేపు బీడీ వెలిగించుకోలేదు.
"నేనూ ఒకటి ఎక్కిచ్చా పెంచలా.
మబ్బు పట్టింది, లారీవోడు తొందరపెట్టాడు.
ఏ దేశంలో ఎవరి గడపైందో.
వానొస్తే ఇప్పటికీ గేపకమొస్తది."

అది ఓడెక్కిందో, ఒంగోలు షోరూముకే పోయిందో.
సెలవు రోజు టంగుటూరు టోల్‌గేటు కాడ టీకి ఆగితే
తెల్ల బండి ఏదొచ్చినా గ్లాసు పక్కన పెడతాను.

నిన్న ఒకటి ఆగింది.
వెనక సీట్లోంచి నిద్రమొహం పిల్ల దిగి
తలుపుని కాలితో తన్నింది.

దుబ్.

ఇది కాదు.
టీ మీద మీగడ కట్టింది.